మందులును బాలుర గుండె లయయు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసందర్భమున ఏదేని యొక వైద్యవిషయమును గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఉత్సవమునాడు రోగముల మాట యేల యని కొందఱకు తోపవచ్చును. ఐనను ఈ గ్రంథాలయమునకు వచ్చువారిలో తాతలును గలరు, మనుమలును గలరు. తాతల మందులు మనుమల చేతికి చిక్కినప్పుడు ఆ లేతగుండెల కేమగునన్నది నేటి నా విషయము. కావున ఇరువురును వినదగినదే యని తలచి దీనిని ఎన్నుకొంటిని.

మన భాషలో ‘మందు’ అను మాట చిత్రమైనది. జ్వరమునకు వైద్యుడిచ్చునది మందే. చెఱకుతోటకు, వరిమడికి కొట్టునది మందే. దీపావళినాడు కాల్చునది మందే. ప్రొద్దుగ్రుంకిన పిదప కొందఱు సేవించునదియు మందే. ఒక్క మాటలో మేలును కీడును రెండును ఇమిడియున్నవి. మన పూర్వులు తెలిసి పెట్టిరో తెలియక పెట్టిరో గాని, శాస్త్రము చెప్పునదియు ఇంతకంటె వేఱుగాదు. గుండెను నిలుపు పదార్థమే మోతాదు మీఱినప్పుడు గుండెను ఆపును.

ఈ సంగతిపై ప్రపంచమంతయు చెవి యొగ్గి విన్న విచారణ యొకటి మన హైదరాబాదునందే జరిగినది. నేటి నిజామాబాదు ఆనాడు ఇందూరు. నిజాము రాజ్యములోని జిల్లా. అప్పటికి మన నిజాంసాగరము లేదు, బోధను చక్కెర కర్మాగారమును లేదు. ఆ కథను కొంచెము వివరముగా చెప్పెదను. మన పాఠ్యపుస్తకములలో ఇది కనబడుట అరుదు.

1846లో అమెరికాలో ఈథరును పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయుట ఆరంభమయ్యెను. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడింబరో నగరమున జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. సువాసన గలది, త్వరగా పనిచేయునది, కొలది బొట్లు చాలును. వైద్యలోకము సంతోషించెను. మూడు నెలలు నిండకముందే, 1848 జనవరి 28వ తేదీన, ఉత్తర ఇంగ్లండునందు న్యూకాసిల్ సమీపమున వింలేటన్ అను ఊరిలో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలివ్రేలి గోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొలది నిమిషములలో ప్రాణము విడిచెను. అంతకుముందు ఆమెకు ఈథరుతో అట్టి చికిత్సయే క్షేమముగా జరిగియుండెను. ఈ పర్యాయము ఆమె మిక్కిలి భయపడి యేడ్చుచుండెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ భయమును దయచేసి గుర్తుంచుకొనుడు. కథలో అది మరల వచ్చును.

అటుపిమ్మట అనేక దేశములనుండి అట్టి వార్తలు రాసాగెను. మరణించినవారిలో పలువురు వృద్ధులు కారు, రోగపీడితులు కారు, ఆరోగ్యవంతులైన పడుచువారు. చేయబోయినదియు పెద్ద శస్త్రచికిత్స కాదు. పన్ను పెఱుకుట, కురుపు కోయుట వంటివి. మందు పీల్చుట మొదలిడిన కొంతసేపటికే నాడి తప్పి పోవుచుండెను. లండనునందు జాన్ స్నో అను వైద్యుడు ఈ మరణములను ఒక్కొక్కదానినే పరిశీలించి, గాఢముగా పీల్చిన క్లోరోఫారము నేరుగా గుండెను కొట్టుచున్నదని అభిప్రాయపడెను. ఎడింబరో పక్షమువారు దీని నంగీకరింపలేదు. ముందుగా ఆగునది ఊపిరి, గుండె కాదు. ఊపిరిని కనిపెట్టియుండిన చాలునని వారి వాదము.

ఆ ఎడింబరో పక్షమునకు చెందినవాడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగాను ఉండెను. వేలకొలది రోగులకు క్లోరోఫారము ఇప్పించినవాడు. తన గురువు జేమ్స్ సైమ్ చెప్పినదే నిజమని నిరూపించుటకు 1888లో ఒక కమిషను నేర్పఱచి, కుక్కలపై ప్రయోగములు చేయించెను. గుండె ఆగకముందే ఊపిరి ఆగుచున్నదని ఫలితము వచ్చెను. లండనునందలి ‘లాన్సెట్’ అను ప్రసిద్ధ వైద్యపత్రిక దానిని నమ్మలేదు. అంతట లారీ, మీ పక్షమున నొకరిని పంపుడు, మీ కన్నులయెదుటనే చూపెదమని సవాలు చేసెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ఆ ప్రయాణపు ఖర్చులకై వేయి పౌనులు మంజూరు చేసెను. ఒక వైద్యశాస్త్ర వివాదమును తేల్చుటకు ఒక రాజు సొమ్మిచ్చి పరీక్షకుని పిలిపించుట ఆ కాలమున వింతయే.

1889లో వచ్చినవాడు సామాన్యుడు కాడు. థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైటును వాడవచ్చునని 1867లో కనుగొన్నవాడు. క్లోరోఫారము గుండెను ఆపుననెడి అభిప్రాయముతోనే ఆయన హైదరాబాదున దిగెను. నాలుగు వందలకు మించిన జంతువులపై ప్రయోగములు జరిగెను. రక్తపు ఒత్తిడిని, ఊపిరిని పొగకాగితముపై గీతలుగా నమోదు చేసిరి. ఫలితమును చూచి బ్రంటన్ తన అభిప్రాయమును మార్చుకొనెను. ఆ సంగతిని లండనుకు తంతి ద్వారా తెలిపెను. ఆ వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అను పార్శీ వనితకును ఈ కృషితో సంబంధము కలదు. మత్తుమందు నిచ్చు వైద్యమును వృత్తిగా స్వీకరించిన ప్రపంచపు తొలి మహిళలలో ఆమెను లెక్కింతురు. మన అమ్మాయిలు ఈ పేరును తెలిసికొనవలెను.

మరి హైదరాబాదు తీర్పు నిజమేనా? సగము నిజము. క్లోరోఫారమును క్రమముగా పెంచుచు పోయినచో ఊపిరియే ముందు ఆగును. దానిని కనిపెట్టి యుండుటవలన ఎందఱో రోగులు బ్రతికిరి. కాని హానా గ్రీనరు వలె మొదటి నిమిషములలో పోయినవారి సంగతి అది కాదు. దాని గుట్టును 1911లో గుడ్‌మన్ లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు బయటపెట్టెను. క్లోరోఫారము ఎక్కువైన పిల్లులు అతని పరీక్షలో ఈ విధముగా చావలేదు. తక్కువగా, సగము మత్తులో నున్న పిల్లులు చచ్చెను. వాటికి కొంచెము అడ్రినలిన్ ఎక్కించినంతనే గుండె క్రింది గదులు లయ తప్పి, కొట్టుకొనుట మాని, గంపలోని పురుగులవలె ఒట్టిగా కదలాడసాగెను. రక్తము ముందుకు పోదు. నిమిషములలో మరణము.

అడ్రినలిన్ అనగా భయము కలిగినప్పుడు మన శరీరమే ఉత్పత్తి చేయు రసము. క్లోరోఫారము గుండెకు ఆ రసముపై అతిసున్నితత్వమును కలిగించును. భయపడి యేడ్చుచున్న బాలికకు, ఇంకను పూర్తిగా మత్తెక్కకముందే గోరుపై కత్తి పెట్టినచో ఏమి జరుగునో ఇప్పుడు ఊహింపవచ్చును. హానా గ్రీనరు మరణకారణము విషయమున నేటికిని భిన్నాభిప్రాయములు కలవు. ఐనను లయభంగమే కారణమని పెక్కురు తలంతురు. హైదరాబాదువారు చూచినది అబద్ధము కాదు. వారి కాలమున అడ్రినలిన్ ఎవరికిని తెలియదు. గుండె విద్యుత్తును గీతగా చూపు ఈ.సీ.జీ. యంత్రమును లేదు. ఐంథోవెన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు దానిని తయారుచేసినది ఆ తరువాత పదేండ్లకు పైబడిన మీదట. 1924లో అందులకే నోబెలు బహుమానము వచ్చినది. చూచుటకు సాధనము లేని దానిని లేదనుటవరకు పోవుటయే నా దృష్టిలో ఆ కమిషను చేసిన పొరపాటు.

గుండెకు విద్యుత్తేమిటని మీరడుగవచ్చును. నిజాంసాగరము ఆయకట్టులో నున్న మనకు దీనిని చెప్పుట సులభము. కాలువపై లష్కరు తూము నెత్తినప్పుడు నీరు పెద్దకాలువనుండి పిల్లకాలువలకు, అక్కడినుండి మడులకు వరుసగా పాఱును. గుండె పైభాగమున కుడిప్రక్కన ఒక చిన్న కణసముదాయము గలదు. 1907లో కీత్, ఫ్లాక్ అను ఇరువురు దానిని కనుగొనిరి. అదియే మన లష్కరు. అది పెద్దవారిలో నిమిషమునకు అఱువదినుండి నూఱు మార్లు, పసిబిడ్డలలో నూఱుకు మించి, విద్యుత్తును వదలుచుండును. ఆ విద్యుత్తు పై గదులనుండి, నడుమనున్న యొక సన్నని త్రోవగుండ, క్రింది గదులకు వ్యాపించును. కణముల గోడలలో సోడియము, పొటాషియము, కాల్షియము అను లవణములకు వేర్వేఱు తూములు కలవు. ఏ తూము ఎప్పుడు తెరచుకొనవలెనో, ఎప్పుడు మూసికొనవలెనో క్రమము కలదు. ఆ క్రమమే లయ.

పెక్కు మందులు ఈ తూములపైననే పనిచేయును. మలేరియాకు వాడు క్వినైను, క్లోరోక్వినులు, నిద్రకును దిగులుకును నరముల నొప్పులకును ఇచ్చు అమిట్రిప్టిలిన్, రక్తపు పోటునకు వాడు కొన్ని మాత్రలు అట్టివే. తగిన మోతాదులో ఉపకారులు. మీఱినప్పుడు ఒకటి సోడియపు తూమును అడ్డగించి విద్యుత్తును మందగింపజేయును; ఒకటి పొటాషియపు తూమును అడ్డగించి గుండె మరల సిద్ధమగుటకు పట్టు కాలమును పొడిగించును; ఒకటి కాల్షియపు తూమును మూసి గుండెను నీరసింపజేయును. మలేరియా దోమ రహస్యమును రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది సికింద్రాబాదునందే. ఆ జ్వరమునుండి లక్షల ప్రాణములు కాపాడిన క్లోరోక్విను, పసిబిడ్డ నోటిలో ఒకటి రెండు పెద్దల మాత్రలుగా పడినను ప్రాణాంతకము కావచ్చును. పెద్దవాడు మ్రింగిన మాత్రయు పదికిలోల బిడ్డ మ్రింగిన మాత్రయు ఒకటి కావు.

మన పెరళ్లలోని పచ్చగన్నేరును గూర్చి చెప్పక తప్పదు. పూజకు పూలిచ్చును, కంచెకు పనికివచ్చును, మేకలు ముట్టవు. దాని గింజలయందున్న పదార్థము డిజాక్సిన్ అను గుండెమందునకు దగ్గఱి చుట్టము. ఆ డిజాక్సిన్ కథ 1785 నాటిది. విలియం విదరింగ్ అను ఇంగ్లీషు వైద్యుడు ఒక ముసలమ్మ నీరుపట్టిన రోగులకిచ్చు నాటుమందును విచారించి, అందు ఫాక్స్‌గ్లవ్ అను మొక్క యాకే గుణకారియని గుర్తించెను. మోతాదు మీఱినచో వాంతులు, వస్తువులు పచ్చగా కనబడుట, నాడి మందగించుట కలుగునని ఆయనయే వ్రాసెను. మేలుచేయు మోతాదునకును చెఱుపుచేయు మోతాదునకును నడుమ ఎడము చాల తక్కువ. ఇందొక విశేషము కలదు. ముసలి గుండెలో ఈ విషము అదనపు దెబ్బలను పుట్టించి లయను చెదరగొట్టును. లేతగుండెలో సాధారణముగా నడిమి త్రోవను మూసివేసి నాడిని నలువదికి, ముప్పదికి దింపును. బిడ్డ అలసి నిదురించుచున్నట్లే యుండును. తల్లి పాపము నిద్రయే యనుకొనును.

డిజాక్సినుకు విరుగుడు కలదు. ఆ మందును పట్టి బంధించు ప్రతిరక్షకములను గొఱ్ఱెల రక్తమునుండి తయారుచేసి, 1976లో మొదటిసారి మనుష్యునిపై వాడిన వృత్తాంతమును ప్రకటించిరి. పచ్చగన్నేరు విషమునకును అది పనిచేయుచున్నదని శ్రీలంకలో జరిగిన పరీక్షలు చూపినవి. ఐనను అది మిక్కిలి ఖరీదైనది; కావలసినప్పుడు కావలసిన చోట దొరకుట కష్టము. కంచెయందు ఆ చెట్టు లేకుండుట చౌక. ఎఱ్ఱగన్నేరును ఆ కుటుంబములోనిదే.

బాలుర మోతాదులో దశాంశబిందువు పెట్టు చిక్కు వేఱొకటి. ఒక చుక్క స్థానము తప్పినచో మందు పదిరెట్లగును. చీటీపై సగము అను మాట అర యని స్పష్టముగా వ్రాయించుకొనుటయు, ద్రవౌషధమును వంటింటి చెంచాతో గాక సీసాతో వచ్చిన కొలతగిన్నెతోనే పోయుటయు అందువలననే అవసరము. పొట్లములో పేరు లేని నాలుగు రంగుల మాత్రలు కట్టి ఇచ్చు అలవాటు మన పల్లెలలో ఇంకను పోలేదు. అందేమున్నదో ఇచ్చినవారికి తప్ప పరులకు తెలియదు. ఆపద వచ్చిన రాత్రి ఇచ్చినవారు దొరకరు.

మేనరికములను గూర్చి ఒక మాట. 1957లో నార్వే దేశమున జెర్వెల్, లాంగె-నీల్సన్ అను వైద్యులు ఒక కుటుంబమును వర్ణించిరి. పుట్టుచెవుడు గల పిల్లలు పరుగెత్తినప్పుడో, భయపడినప్పుడో మూర్ఛిల్లుచుండిరి. కొందఱు అట్లే మరణించిరి. పొటాషియపు తూమునందలి దోషము తలిదండ్రులిరువురినుండియు వచ్చినప్పుడే ఈ వ్యాధి పూర్తిగా బయటపడును. కావున దగ్గఱి చుట్టరికపు పెండ్లిండ్లలో దీని అవకాశము హెచ్చు. ఇట్టి బిడ్డకు, పైన చెప్పినట్లు గుండె సిద్ధమగు కాలమును పొడిగించు మందులు సాధారణ మోతాదులోనే ప్రమాదము తేవచ్చును. కొన్ని జీవాణునాశకములును, కొన్ని వాంతి మాత్రలును ఈ కోవలోనివే. చెవుడున్న బిడ్డ మూర్ఛపోయినచో గాలి సోకినదని తాయెత్తు కట్టక, ఒకమారు ఈ.సీ.జీ. తీయింపవలెను. ఆ పరీక్షకు నొప్పి లేదు; పట్టునది కొలది నిమిషములు.

ఇక మన ఇండ్ల సంగతి. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో మూతపడినది. చెఱకు పోయి వరి, పసుపు హెచ్చిన పొలములు పెక్కు కలవు. ఉపాధికై గల్ఫు దేశములకు పోయినవారి ఇండ్లలో పిల్లలను చూచుకొనువారు తాతమ్మలే. వారికి బీపీ మాత్ర యొకటి, షుగరు మాత్ర యొకటి, నిద్రమాత్ర యొకటి. రేకు తెరచి దిండు క్రింద నుంతురు, లేదా కొంగుచివర ముడివేసికొందురు. మాత్రను చాక్లెట్టని చెప్పి పిల్లలకు జ్వరపుమందు మ్రింగించుటయు వారే. మఱునాడు దిండు క్రింది ఎఱ్ఱమాత్ర బిడ్డకు చాక్లెట్టు కాక మఱేమగును? ఇందులకు పిల్లవానిని కొట్టి ప్రయోజనము లేదు.

పొలపు మందుది వేఱు దారి. ఆర్గానోఫాస్ఫేటు జాతికి చెందినవి నరముల సందేశమును ఆపు చేయనీయక గుండెను మందగింపజేయును. నోట నురుగు, చెమట, కనుపాపలు సూదిమొన వలె సన్నబడుట దీని గుర్తులు. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇచ్చి గుండెను మరల పరుగెత్తింతురు. ఆ అట్రోపిన్ మన ఉమ్మెత్తలోను గలదు. అట్లని ఉమ్మెత్త నూరి త్రావించినచో రెండవ విషము తోడగును. మిగిలిన పొలపు మందును శీతలపానీయపు సీసాలో పోసి గూటిలో నుంచు అలవాటు అన్నిటికంటె చెడ్డది. బీడీలు చుట్టు ఇండ్లలో తంబాకు చేట నేలపైననే యుండును. ప్రాకు బిడ్డ పిడికెడు నోట పెట్టుకొన్నను నికోటిను వలన నాడి మొదట వేగమై పిదప మందగించును. చేటను అటకపై నుంచుటకు ఖర్చేమియు లేదు.

బిడ్డ ఏదో మ్రింగినదని అనుమానము కలిగినంతనే చేయవలసినది ఆసుపత్రికి పోవుట. 108కి ఫోను చేయుట. ఉప్పునీరు, చింతపండు రసము, పసరు పోసి వాంతి చేయింపరాదు. మత్తులోనున్న బిడ్డకు వాంతి ఊపిరితిత్తులలోనికి పోవును. ఇప్పటికి బాగుగనే యున్నదికదా, చూతమని కూర్చుండరాదు; కొన్ని మాత్రలు గంటల తరువాతనే పనిచేయును. అందువలననే వైద్యులు ఆడుకొనుచున్న బిడ్డనైనను ఒక రాత్రి యంత్రమునకు తగిలించి యుంచెదమందురు. తల్లిదండ్రులు విసుగుకొనరాదు. అమిట్రిప్టిలిన్ వంటివాటికి నరమునుండి సోడాద్రావణము ఎక్కించి మూసికొన్న తూములను మరల తెరపింతురు; అది వంటసోడా జాతిదే యైనను ఇంట త్రావించునది కాదు. నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. బోధనునుండి బస్సుకై నిలువక, దొరకిన మొదటి వాహనమునందు బయలుదేఱవలెను.

వెళ్లునప్పుడు చేత తీసికొనవలసినవి: మాత్రల ఖాళీరేకు, మందు డబ్బా, లేదా కొఱికిన కాయ. అందెన్ని యుండవలెనో, ఎన్ని మిగిలినవో లెక్క. మ్రింగిన వేళ. ఇంటిలో ఎవరెవరు ఏ మాత్రలు వాడుదురో ఆ చీటీలన్నియు. బిడ్డ బరువు తెలిసియున్నచో దానిని ద్వారమునందే చెప్పవలెను. విరుగుడు మందులలో పెక్కింటి మోతాదును ఆ బరువును బట్టియే లెక్కకట్టుదురు.